ఎన్నాళ్ల కథ, ఎవరి చూపు



‘నవల అంగాలను వివరించి, నవలలోని రకాలను సోదాహరణంగా తెలపండి.’ తెలుగు ఎమ్మే పరీక్ష రాసినవాళ్లెవరికీ ఈ ప్రశ్న కొత్త కాదు. జవాబూ కొత్త కాదు. ఇతివృత్తం, కథాసంవిధానం, పాత్రచిత్రణ, సంభాషణలు, నేపథ్యం, శైలి, జీవిత దృక్పథం అని ఒక వరస. చారిత్రక, సాంఘిక, రాజకీయ, మనోవైజ్ఞానిక, ప్రాంతీయ, అపరాధ పరిశోధక నవలలని ఇంకో వరస. ఒక్కోదాని కింద రెండు వాక్యాలు, ఒక ఉదాహరణ, అడుగున గీత. నేను చాలా ఏళ్లు ఈ జవాబులు దిద్దాను. మార్కులు కూడా వేశాను. అడిగింది రాసినవాడికి వేయక తప్పదు కదా. కానీ దిద్దుతున్నంతసేపూ ఒక సందేహం పీకుతూనే ఉండేది. ఈ రెండు వరసలకీ చుట్టరికం ఏమిటి? చుట్టరికమే లేకపోతే రెంటినీ తెచ్చి ఒకే ప్రశ్నలో ఎందుకు కలిపినట్టు?

ఆ చుట్టరికం గురించే ఈ సాయంత్రం, తమిళనాడు సరిహద్దు పక్కనున్న ఈ తడలో, నాలుగు మాటలు చెబుతాను. నా లెక్క ప్రకారం, నవలలో అన్ని అంగాలూ ఉంటాయి గానీ పెత్తనం మాత్రం ఒకటి రెంటిదే. ఏది పెత్తనం చేస్తే నవల ఆ రకం అవుతుంది. ఆ పెత్తందారు ఎవరో పట్టుకోవడానికి రెండు ప్రశ్నలు చాలు. ఇది ఎన్నాళ్ల కథ? ఎవరి చూపులోంచి చెబుతున్నారు?

మొదటి ప్రశ్న నాది కాదు, ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం ఏర్పాటు చేశారో ఆ మాస్టారిది. ఆయన పేరు ఆహ్వానపత్రం మీద ఉంది, నా వెనకున్న గుడ్డ మీదా ఉంది. వేదికల మీద పొగడ్తలంటే ఆయనకు గిట్టదు కాబట్టి మళ్లీ మళ్లీ పలకను. క్లాసులో నవల పాఠం మొదలుపెట్టినప్పుడు ఆయన కథ అడిగేవారు కాదు, ‘ఇందులో ఎన్నాళ్లు గడిచాయిరా?’ అని అడిగేవారు. మేం తెల్లమొహాలు వేసేవాళ్లం. కథ చెప్పమంటే చెప్పగలం, పాత్రల పేర్లు అప్పగించగలం, రోజులు ఎవడు లెక్కపెట్టాడు? ‘లెక్కేసుకుని రండి, అప్పుడు మాట్లాడదాం’ అని చాక్‌పీసు పక్కన పడేసేవారు. లెక్కకు కూర్చుంటే తెలిసొచ్చేది: రచయిత పదేళ్లను ఒక వాక్యంలో దాటేశాడు, ఒక మధ్యాహ్నానికి నలభై పేజీలు పెట్టాడు. ఎక్కడ దాటేశాడు, ఎక్కడ ఆగాడు అన్నది పట్టుబడితే కథాసంవిధానం అనే గంభీరమైన మాట దానంతటదే విడిపోతుంది.

ఇక్కడొక చిన్న పక్కదారి. నవల గురించి ప్రపంచమంతా చదివిన విమర్శ పుస్తకం ఒకటి ఇలాంటి స్మారకోపన్యాసాల నుంచే పుట్టింది. కేంబ్రిడ్జిలో ట్రినిటీ కాలేజీ ఉంది. ఆ కాలేజీకి చెందిన విలియం జార్జ్ క్లార్క్ అనే పండితుడి పేరిట అక్కడ ఉపన్యాసాలు జరుగుతాయి. 1927లో ఆ ఉపన్యాసాలు ఇచ్చినవాడు ఇ.ఎం. ఫార్‌స్టర్. అప్పటికే పేరున్న నవలాకారుడు. అవే ‘ఆస్పెక్ట్స్ ఆఫ్ ది నావెల్’ అనే పుస్తకమయ్యాయి. కథ వేరు, కథాసంవిధానం వేరు అనీ, ఒక్క ముక్కలో చెప్పేయగల పాత్రలు కొన్ని, మనల్ని ఆశ్చర్యపరచగల పాత్రలు కొన్ని అనీ మన గైడ్లలో కనిపించే విభజనలన్నీ అక్కడివే. మనవాళ్లలో వల్లంపాటి వెంకటసుబ్బయ్య గారు ‘నవలాశిల్పం’లో ఈ విషయాలన్నీ తెలుగు నవలల మీద పెట్టి చూపించారు. ‘కథాశిల్పం’కి సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది కాబట్టి దాన్ని అందరూ చదువుతారు. ‘నవలాశిల్పం’ కూడా చదవండి.

కథకీ సంవిధానానికీ ఉన్న తేడాను మన తీరం మీదే చెప్పుకుందాం. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. చెంగయ్య అనే ఊహాపురుషుడు ఆ మరుసటి సంవత్సరం పడవ అమ్మేశాడు. ఇది కథ. తరవాతేం జరిగింది అని మాత్రమే అడుగుతాం. సునామీకి పడవ చెక్కుచెదరలేదు, అయినా చెంగయ్య దాన్ని అమ్మేశాడు, ఎందుకంటే కొడుకు ఆ తరవాత నీళ్ల మొహం చూడనన్నాడు. ఇది సంవిధానం. ఇప్పుడు ఎందుకు అని అడుగుతున్నాం. ఇంకో మెట్టు ఎక్కండి. నవల మొదటి వాక్యంలోనే చెంగయ్య పడవ అమ్ముతున్నాడు, పడవ బాగానే ఉందని కొనేవాడు ఆశ్చర్యపోతున్నాడు, కొడుకు సంగతి నూట యాభయ్యో పేజీ దాకా మనకు తెలియదు. సంఘటనలు మారలేదు, వాటి కాలక్రమం మాత్రం మారింది. నవలాకారుడి చేతిలో ఉన్న మొదటి పనిముట్టు అదే.

కాలం లెక్క ఎంత పని చేస్తుందో చూడాలంటే ఒకే రచయిత రెండు నవలలు పక్కపక్కన పెట్టుకోవాలి. అంపశయ్య నవీన్ గారి ఇంటిపేరు దొంగరి, పేరు మల్లయ్య. 1969లో వచ్చిన తొలి నవల పేరే ఆయన పేరయిపోయింది. ‘అంపశయ్య’లో గడిచేది ఒక్క రోజు. ఉస్మానియా హాస్టల్లో ఉండే రవి అనే విద్యార్థి పొద్దున నిద్ర లేవడంతో మొదలై ఆ రోజుతో ముగుస్తుంది. ఒక రోజుకి అన్ని పేజీలా అని బెదిరిపోకండి. రోజంటే గడియారంలో ఇరవైనాలుగు గంటలే గానీ రవి బుర్రలో అది పల్లెటూరు, చదువు, డబ్బులేమి, ఆడపిల్లల మీద ఆశ, పరీక్ష భయం అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడే రోజు. కాలాన్ని అంత ఇరుకు చేశాక నవల బయటికి పాకలేదు, లోపలికి పోవాల్సిందే. దాన్నే మనం చైతన్య స్రవంతి అంటున్నాం. జేమ్స్ జాయిస్ డబ్లిన్‌లో గడిచే ఒక్క రోజుతో ‘యులిసిస్’ రాసింది కూడా ఇదే కారణానికి.

అదే నవీన్ గారు తరవాత ‘కాలరేఖలు’ రాశారు. దానికి 2004లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. దాని కొనసాగింపులతో కలిపి చూస్తే 1944 నుంచి అర్ధశతాబ్దం తెలంగాణ జీవితం. నిజాం పాలన, సాయుధ పోరాటం, ఆ తరవాతి రాజకీయాలు. ఇక్కడ ఒక మనిషి బుర్రలో ఒక మధ్యాహ్నం ఆగే తీరిక లేదు. పాత్రలు పెరగాలి, పెళ్లిళ్లు కావాలి, ప్రభుత్వాలు మారాలి. రచయిత ఆయనే, ప్రాంతం అదే. ఒకటి మనోవైజ్ఞానిక నవల అయింది, ఒకటి సామాజిక చరిత్ర నవల అయింది. తేడా ఎక్కడ వచ్చింది? మొదటి నిర్ణయంలో, అంటే కథకి ఎన్నాళ్లు ఇవ్వాలన్న దగ్గర. రకం ముందు పుట్టి దాని ప్రకారం నవల రాయరు. రాసేవాడు కాలాన్ని ఎంత కోశాడో దాన్ని బట్టి మనం రకం పేరు పెట్టుకుంటాం.

పెద్ద కాలం అనగానే అందరికీ గుర్తొచ్చేది ‘వేయిపడగలు’. విశ్వనాథ సత్యనారాయణ గారు దాన్ని తమ్ముడికి చెప్పి నెల తిరక్కుండా రాయించారన్నది ప్రసిద్ధమైన ముచ్చట. 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పోటీలో దానికీ అడివి బాపిరాజు గారి ‘నారాయణరావు’కీ బహుమతి పంచారు. సుబ్బన్నపేట, గుడి, జమీందారీ, గణాచారి, ధర్మారావు. పుస్తకం లావు చూసి ఇది ఇతివృత్తం బలం అనుకుంటాం. నాకు మాత్రం అక్కడ పెత్తనం జీవిత దృక్పథానిది అనిపిస్తుంది. పడగలు ఒక్కొక్కటే పోతున్నాయి అన్న ఒకే ఒక్క నమ్మకం తరాల కథనంతా మోస్తోంది. ఆ నమ్మకంతో మీరు ఏకీభవించకపోవచ్చు, నేనూ చాలాచోట్ల ఏకీభవించను. కానీ ఆ నమ్మకాన్ని తీసేస్తే అంత పెద్ద నవల విడివిడి ఘట్టాలుగా చెదిరిపోతుంది. దృక్పథం అనే అంగాన్ని గైడ్లు చిట్టచివర రెండు వాక్యాల్లో ముగిస్తాయి. ఈ నవలకు మాత్రం అదే వెన్నెముక.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలబడేది కేశవరెడ్డి గారి ‘అతడు అడవిని జయించాడు’. కేశవరెడ్డి మన పక్క చిత్తూరు జిల్లావారు, కుష్ఠురోగులకు వైద్యం చేసిన డాక్టరు. పుస్తకం చిన్నది. పందులు మేపుకునే ముసలాయన. సూడిపంది మందతో రాలేదు, అడవిలో ఎక్కడో ఈనడానికి ఆగిపోయింది. వెతుక్కుంటూ పోయాడు. దాదాపు అంతా ఒక రాత్రి. తల్లి పంది పిల్లల దగ్గరికి ఆయన్నే రానివ్వదు. నక్కలొస్తాయి. ఆయన కాపలా కాయాలి. పెంచిన మనిషికీ, పెంపుడు జంతువుకీ, అడవి జంతువుకీ మధ్య హద్దులు ఆ చీకట్లో కలగాపులగం అయిపోతాయి. అందరూ హెమింగ్వే ‘ది ఓల్డ్ మ్యాన్ అండ్ ది సీ’తో పోలుస్తారు, పోలిక ఉంది కూడా. కానీ నేను క్లాసులో చూపించేది వేరే. ఆ నవలలో సంభాషణలు వెతకండి. మాట్లాడుకోడానికి ఇంకో మనిషే లేడు. ముసలాయన పందితో మాట్లాడతాడు, తనతో తను మాట్లాడుకుంటాడు. సంభాషణ అనే అంగం దాదాపు ఎగిరిపోయింది, నేపథ్యం అనే అంగం వచ్చి ఆ ఖాళీలో కూర్చుంది. అడవి నేపథ్యంగా మొదలై పాత్ర అయిపోయింది. ఇప్పుడు దీన్ని ఏ రకంలో వేస్తారు? ప్రాంతీయమా, మనోవైజ్ఞానికమా, దళిత జీవిత నవలా, తాత్త్వికమా? నాలుగు అరల్లోనూ పడుతుంది, ఏ ఒక్క అరలోనూ నిలవదు. నిలవకపోతే నవలకి నష్టమేమీ లేదు.

ఇక రెండో ప్రశ్న. ఎవరి చూపు?

చలం ‘మైదానం’ 1927 నాటిది. వకీలు భార్య రాజేశ్వరి అమీర్‌తో వెళ్లిపోయింది. ఇంతే సంగతి అయితే ఆ రోజుల్లో అది పత్రికలో ఒక వార్త, ఊళ్లో ఒక గుసగుస. కానీ చెబుతున్నది రాజేశ్వరి. ‘నేను’ అంటూ ఒక స్నేహితురాలికి చెబుతోంది. పుస్తకం మూసి ఒక్కసారి అదే కథని భర్త చేత చెప్పించి చూడండి. అది పరువు పోయిన పెద్దమనిషి కథ అవుతుంది. అమీర్ చేత చెప్పిస్తే ఇంకో కథ. ఊరివాళ్ల చేత చెప్పిస్తే నీతికథ. సంఘటన ఒక్కటే, మైదానం అదే, ఏరు అదే. చూపు మారితే నవల మొత్తం మారిపోతుంది. చలాన్ని తిట్టినవాళ్లకి కోపం కథ మీద కాదని నా అనుమానం. ఆవిడ చేత ‘నేను’ అనిపించడమే వాళ్లు సహించలేకపోయారు.

చూపు అంటే ‘నేను’ అని చెప్పడం ఒక్కటే అనుకోకండి. రాచకొండ విశ్వనాథశాస్త్రి గారి ‘అల్పజీవి’లో సుబ్బయ్యను ‘అతను’ అనే చెబుతారు. కానీ మనం సుబ్బయ్య భయంలోంచి తప్ప లోకాన్ని చూడలేం. ఆఫీసులో ఎవరో గట్టిగా దగ్గినా సుబ్బయ్యతో పాటు మనమూ ఉలిక్కిపడతాం. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావు, బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’లో దయానిధి, అందరూ ‘అతడు’లే. అయినా మనం వాళ్ల పుర్రెల్లో కూర్చునే చదువుతాం. కందుకూరి వీరేశలింగం గారి ‘రాజశేఖర చరిత్రము’లో అలా కాదు. అక్కడ రచయిత అందరి తలల మీదుగా చూస్తుంటాడు. ధవళేశ్వరాన్ని వర్ణిస్తాడు, మూఢనమ్మకం ఎక్కడ కనిపిస్తే అక్కడ కథ ఆపి చురక వేస్తాడు, చనిపోయిందనుకున్న రుక్మిణిని మగవేషంలో నడిపించి తీరిగ్గా తిరిగి తెస్తాడు. గోల్డ్‌స్మిత్ ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ నీడ దాని మీద ఉంది. సంఘసంస్కర్తకి అందరి ఇళ్లలోకీ తొంగిచూసే చూపే కావాలి మరి.

తొలి నవల ఏది అన్న పంచాయితీ ఇక్కడే ముగించేద్దాం. నరహరి గోపాలకృష్ణమ శెట్టి గారి ‘శ్రీ రంగరాజ చరిత్రము’ 1872. వీరేశలింగం గారిది 1878లో వివేకవర్ధనిలో మొదలైంది. ముందు వచ్చినది శెట్టిగారిది, దారి వేసినది వీరేశలింగం గారిది. పరీక్షలో రెండూ రాయండి. తడలో ఉన్నవాళ్లం కాబట్టి ఇంకో సంవత్సరం గుర్తు పెట్టుకోండి: 1879. మాయూరం వేదనాయకం పిళ్లై ‘ప్రతాప ముదలియార్ చరిత్రం’ అచ్చయి తమిళంలో తొలి నవల అయిన సంవత్సరం. సరిహద్దు చెక్‌పోస్టుకి ఇటూ అటూ ఏడాది తేడాలో ఇద్దరు పెద్దమనుషుల నవలలు వెలుగు చూశాయి.

ఆ చెక్‌పోస్టు దాటి వచ్చి తెలుగు నవలాకారుడైనవాడు ఒకడున్నాడు. నటరాజన్, కలం పేరు శారద. 1924లో తమిళ ప్రాంతంలో పుట్టి చిన్నతనంలోనే తెనాలి చేరి, హోటళ్లలో పనిచేస్తూ తెలుగు నేర్చుకుని, ‘ఏది సత్యం’, ‘మంచీ-చెడూ’, ‘అపస్వరాలు’ రాసి, 1955లో ముప్పై దాటీ దాటకుండానే పోయాడు. మన సరిహద్దు పల్లెల్లో తమిళం తెలుగు కలిపి మాట్లాడే పిల్లలు, మా భాష పుస్తకాలకి పనికిరాదేమో అని జంకే పిల్లలు, ముందు శారదని చదవాలి. చూపు గురించి కూడా ఆయన దగ్గర నేర్చుకోవచ్చు. టిఫిన్ ప్లేటు తెచ్చి పెట్టేవాడిని ఎవరూ పట్టించుకోరు. వాడి ముందే అప్పుల సంగతి, ఇంటి గొడవలు, మోసాలు అన్నీ మాట్లాడేస్తారు. అంత మంచి చోటు ఏ నవలాకారుడికి దొరుకుతుంది?

సంభాషణల గురించి ఎక్కువ చెప్పను. మంగళంపాడు మనకు పక్క ఊరే. 1921లో అక్కడ పుట్టిన ఆత్రేయ గారు ‘ఎన్.జి.ఓ.’ లాంటి నాటకాలు రాశారు. నాటకంలో మాటే అన్నీ చేయాలి. మనిషి ఎలా ఉన్నాడో, ఏం దాస్తున్నాడో, నిన్న ఏం జరిగిందో, మాటలోనే తెలియాలి. నవలలో మాటకి అంత బరువు లేదు, కాబట్టి అది ఇంకో పని చేయగలదు: మనిషి ఏ ఊరివాడో, ఏ కులంవాడో, ఎవరి ముందు నిలబడ్డాడో చెప్పగలదు. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు రాయవేలూరు జైల్లో రాసిన ‘మాలపల్లి’ 1922లో వచ్చింది, ప్రభుత్వం నిషేధించింది. రాజకీయం మాట అలా ఉంచండి. గుంటూరు పల్లె మాటని నవలలోకి అంత ధైర్యంగా తెచ్చినవాళ్లు అప్పటికి లేరు. దాశరథి రంగాచార్య గారు ‘చిల్లర దేవుళ్లు’లో తెలంగాణ మాటతో అదే పని చేశారు. మన నెల్లూరు యాసలో ‘యాడికి పోతన్నావబ్బా’ అన్న పాత్రని గ్రాంథికంలో ‘ఎక్కడికి వెళ్లుచున్నావు’ అనిపిస్తే ఆ పాత్ర అక్కడే చచ్చిపోతుంది.

రకాల సంగతి కొద్దిగా. ‘సాంఘిక నవల’ అనేది రకం కాదు, మిగిలినవన్నీ విసిరేసే గంప. సంఘంలో జరగని నవల ఏదుంది? దాన్ని వదిలేద్దాం. చారిత్రక నవలకి మాత్రం నిజంగా ఒక ప్రత్యేక ధర్మం ఉంది. తెన్నేటి సూరి ‘చంఘిజ్ ఖాన్’ తెరిచేటప్పటికే చంఘిజ్ గెలుస్తాడని మనకు తెలుసు. నోరి నరసింహశాస్త్రి గారి ‘రుద్రమదేవి’ తెరిచేటప్పటికే కాకతీయుల కథ ఎటు పోతుందో తెలుసు. తరవాతేం జరుగుతుందో అన్న ఆత్రానికి అక్కడ సగం పనిలేదు. కాబట్టి రచయిత ఆ బరువంతా ఎలా జరిగింది అన్న దాని మీద వేస్తాడు, అంటే నేపథ్యం మీద. బట్టలు, కోటలు, తిండి, ఆయుధాలు, మర్యాదలు. బాగా రాసిన చారిత్రక నవలలో ఇవి కంటికి ఆనుతాయి. నాసిరకం దానిలో పాత్రలు మనలాగే ఆలోచిస్తూ తలపాగాలు పెట్టుకుని తిరుగుతుంటాయి.

అపరాధ పరిశోధక నవల కాలాన్ని తిరగేస్తుంది. అసలు సంఘటన, అంటే హత్య, కథ మొదలయ్యే సరికే అయిపోయింది. మిగతా పుస్తకమంతా వెనక్కి నడక. ఇక చూపు సంగతి. షెర్లాక్ హోమ్స్ కథని ఎక్కువగా వాట్సన్ చేత ఎందుకు చెప్పించారు? హోమ్సే చెబితే రెండో పేజీలో హంతకుడు దొరికిపోతాడు. తక్కువ చూసేవాడి పక్కన మనల్ని కూర్చోబెట్టాలి. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్‌కి అసిస్టెంట్ రాజు ఉండడం ఊరికే కాదు. ఈ పుస్తకాలను మా రోజుల్లో గూడూరు జంక్షన్‌లో కొని మద్రాసు చేరేలోపు ముగించేవాళ్లం, తడ స్టేషన్ ఎప్పుడు దాటిందో తెలిసేది కాదు. సాహిత్యం కాదని వాటిని పాఠ్యాంశంలో పెట్టరు. కథాసంవిధానం నేర్పడానికి మాత్రం వాటిని మించినవి లేవంటాను.

1960ల నుంచి వారపత్రిక, మాసపత్రిక తెలుగు నవల కాలాన్ని ఇంకో రకంగా కోశాయి. ‘జ్యోతి’లో యద్దనపూడి సులోచనారాణి గారి ‘సెక్రటరీ’, ‘ఆంధ్రభూమి’లో యండమూరి వీరేంద్రనాథ్ గారి ‘తులసిదళం’. సీరియల్ రచయితకి అధ్యాయం అంటే అర్థవంతమైన ఘట్టం కాదు, పై సంచిక దాకా పాఠకుణ్ణి పట్టి ఉంచే కొక్కెం. చివరి పేరాలో తలుపు చప్పుడవ్వాలి, ఉత్తరం చిరగాలి. ఆ నవలలు పుస్తకంగా ఏకబిగిన చదివితే కొక్కేలు గుచ్చుకుంటాయి, అది నిజమే. కానీ విమర్శకులు వాటిని ‘స్త్రీల నవల’ అనీ ‘కాలక్షేపం నవల’ అనీ రెండు పేర్లు పెట్టి పక్కకు నెట్టేయడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. స్త్రీలు రాయడం రకం ఎలా అవుతుంది? రంగనాయకమ్మ గారి ‘బలిపీఠం’, మాలతీ చందూర్ గారి ‘హృదయనేత్రి’, సులోచనారాణి గారి ‘సెక్రటరీ’, మూడూ మూడు రకాలు. కాలం వేరు, చూపు వేరు. రాసినవాళ్లు ఆడవాళ్లు కావడం ఒక్కటే వాటికి ఉమ్మడి. విశ్వనాథనీ కొమ్మూరినీ కలిపి ‘పురుషుల నవల’ అనే శీర్షిక కింద ఎవరైనా పాఠం చెప్పారా?

చివరిగా ప్రాంతీయ నవల. తడలో నిలబడి దాని గురించి మాట్లాడకుండా దిగిపోవడం బాగుండదు. ప్రాంతం పేరు వాడినంత మాత్రాన ప్రాంతీయ నవల కాదు. ఆ చోటు మారిస్తే కథ జరగకూడదు, అదీ పరీక్ష. తకళి శివశంకర పిళ్లై ‘చెమ్మీన్’ 1956లో వచ్చింది. సముద్రం మీదికి పోయిన మగవాడి ప్రాణం ఒడ్డున ఉన్న భార్య శీలం మీద ఆధారపడి ఉంటుందన్న ఆ తీరపు నమ్మకం తీసేయండి, కరుత్తమ్మ కథే లేదు. నమ్మకం నేపథ్యంలో ఉండాల్సింది, వచ్చి సంవిధానాన్ని నడిపింది.

మన పులికాట్ మీద అలాంటి నవల రాయబోయేవాళ్లు ఈ గదిలో ఉంటే, వాళ్లకి రెండు దారులు కనిపిస్తున్నాయి నాకు. ఒకటి సరస్సు కాలం. వానాకాలంలో స్వర్ణముఖి, కాళంగి నీళ్లు దిగుతాయి, ముఖద్వారాల గుండా సముద్రం లోపలికి వస్తుంది, ఉప్పూ తీపీ కలిసిన నీళ్లలో రొయ్యా చేపా పెరుగుతాయి. ఎండాకాలానికి మన వైపు సరస్సు వెనక్కి పోయి నేల బీటలు వారుతుంది. ముఖద్వారంలో ఇసుక మేట వేస్తే సముద్రానికి దారి మూసుకుపోతుంది, పట్టు పడిపోతుంది. ఇక్కడ కథ క్యాలెండరు పండగలతో నడవదు, ఇసుక మేటతో నడుస్తుంది. సరస్సు దక్షిణపు ఒడ్డున చేపల పట్టుచోట్లను చీట్లు వేసి వంతులవారీగా పంచుకునే ‘పాడు’ అనే పద్ధతి ఉంది. ఎవరి వంతు ఏ రోజు, ఎవరికి అసలు వంతే లేదు అన్న ఒక్క విషయంలోనే పది మంది పాత్రలు, వాళ్ల పగలూ ఉన్నాయి. ఈ నవలకి కనీసం రెండు మూడు సంవత్సరాలు కావాలి. సరస్సు నిండి, ఎండి, మళ్లీ నిండాలి.

రెండో దారి ఒక్క రోజు. 1971 అక్టోబరులో శ్రీహరికోట నుంచి తొలి రాకెట్ ఎగిరింది. అంతకు ముందే అక్కడి పల్లెలు ఖాళీ అయ్యాయి. యానాదులు తరతరాలుగా తిరిగిన అడవి కంచె వెనక్కి పోయింది. ఇప్పటి ప్రయోగం రోజు ఒకటి తీసుకోండి. సూళ్లూరుపేట లాడ్జీలు నిండిపోతాయి, టీవీ బళ్లు వస్తాయి, చెంగాలమ్మ గుడిలో పెద్ద ఇంజినీర్లు దండం పెట్టుకుంటారు, వేట ఆపమని మత్స్యకారులకు కబురు వస్తుంది. ఆ ఒక్క రోజుని ఎవరి చూపులోంచి చెబుతారు? కౌంట్‌డౌన్ చదివే ఇంజినీరుదా, వేట లేక ఇరకం దీవిలో పడవ ఒడ్డుకి లాగి కూర్చున్న మనిషిదా, తాతల ఊరు ఆ కంచె లోపల ఉందని మాత్రమే విన్న యానాది పిల్లదా? ఇంజినీరు చూపయితే గడియారం వెనక్కి లెక్కపెడుతుంది, ఆత్రం సిద్ధంగానే ఉంది, నవల తనంతట తనే పరుగెత్తుతుంది. రాయడం తేలిక. ఆ పిల్ల చూపయితే రాకెట్ పైకి పోయే ఆ కాసేపు ఎటూ కదలని కాలం. లోపలి ఊరు ఆమె ఎన్నడూ చూడలేదు, కాబట్టి వర్ణించలేదు. విన్నది మాత్రమే చెప్పగలదు, అదీ ముక్కలు ముక్కలుగా, ముసలివాళ్లు చెప్పిన వరసలో. అక్కడ సంవిధానం అల్లడానికి రచయితకి చెమటలు పడతాయి. నన్నడిగితే ఆ పిల్ల చూపునే ఎంచుకోమంటాను.

మాస్టారి పుస్తకాల్లో కొన్ని ఈ సభ తరవాత లైబ్రరీకి ఇస్తున్నారని కుటుంబసభ్యులు చెప్పారు. వాటిలో ‘అతడు అడవిని జయించాడు’ ఉంది, మార్జిన్లలో ఆయన పెన్సిలు రాతలతో సహా. ఒక రాత్రిలో అయిపోయే పుస్తకం. ముందు అది తీసుకెళ్లండి, గంటలు లెక్కేసుకుంటూ చదవండి. ప్రశ్నలుంటే ఇప్పుడు అడగవచ్చు.